కనిపెట్టడం

ఎనిమిదో తరగతి, మూడో పీరియడు.
నల్లబల్ల మీద ఓడ గీశాను.
తెరచాప మీది సిలువ దగ్గర సుద్ద విరిగింది,
అడ్డగీత పడనే లేదు.
సముద్రం గీయడం నాకు చేతకాదు:
మూడు వంకర గీతలు, అవతల ఒక గట్టు.
"పదహారో శతాబ్దం.
ఐరోపా నావికులు ఒక్కో తీరమే
కనిపెట్టుకుంటూ పోయారు" అన్నాను.
పిల్లలు రాసుకున్నారు.

ఎస్తేరురాణి రాసుకోలేదు.
ఫిబ్రవరి నించీ ఆ పిల్ల
మాలకొండయ్య షెడ్డులో ఆకు గ్రేడింగుకి పోతోంది.
హాజరు పట్టీలో ఆమె గడులు
ఎవరూ దిగని దీవుల్లా ఉన్నాయి.

ఆదివారం సైకిలేసుకుని పోయాను.
వలేటివారిపాలెం దాటాక గాలే దారి చెబుతుంది,
తేనె మాడినట్టు, తోలు తడిసినట్టు.
షెడ్డులో తల్లి శేషారత్నం, పక్కనే కూతురు.
నిమ్మపండు రంగు ఆకు ఇటు, మట్టిరంగు అటు,
పచ్చ మిగిలిన ఆకు ఒళ్ళో.
చింతపండేసి తోమినా పోని జిగురు
పది వేళ్ళకీ నల్లగా.

బడికి రమ్మని చెప్పడానికే పోయాను.
చెప్పలేక పాఠం చెప్పాను.
ఓడ దిగిన నావికులకి
మనుషుల నోట్లోంచి పొగ రావడం
కనపడిందట, బెదిరారట,
తర్వాత ఆకు అడిగారట,
ఆ తర్వాత అడగడం మానేశారట.
"విత్తనం కూడా ఓడెక్కింది. అదెంత ఉంటదో..."
"ఆవగింజలో నలుసు, సార్.
నా చేతికే కనపడదని
బూడిదలో కలిపి చల్లుతాడు మా నాయన."
నవ్వింది. తల్లి నవ్వలేదు.

కాసేపటికి, ఆకు మీంచి తల ఎత్తకుండానే:
"ఆళ్ళు దిగేతలికి ఆకు ఎండి ఉందా, సార్?"
ఉంది.
"ఎవురు ఎండబెట్టారు?"
పటం గుర్తుచేసుకున్నాను.
బాణం గుర్తులున్నాయి, సంవత్సరాలున్నాయి,
ఓడల పేర్లున్నాయి.
చేతులున్న మనిషి ఒక్కడూ లేడు.
"పాఠంలో లేదమ్మా."
"పచ్చాకు కాలిస్తే దగ్గే గదా వచ్చేది.
యాడో ఎవురో రాత్రంతా కూకోనుంటారు సార్,
మా నాయన బ్యారన్ కాడ కూకున్నట్టు.
ఏడి ఎక్కితే ఆకు మాడిద్ది, తగ్గితే నల్లబడిద్ది.
కన్ను మూత పడకుండా కనిపెట్టుకోనుండాల."

కనిపెట్టుకోనుండాల.
పద్దెనిమిదేళ్ళుగా ఆ మాట చెబుతున్నాను,
దానికి రాత్రి ఉందని నాకు తెలీదు.

బుధవారం కందుకూరు వేలం కేంద్రంలో
మాలకొండయ్య పక్కన నిలబడ్డాను, ఎందుకో.
బేళ్ళ వరసల మధ్య కొనేవాళ్ళు నడుస్తున్నారు,
చెయ్యి దూర్చి, లాగి, వాసన చూసి, వదిలేసి
తర్వాతి తీరానికి.
ఎవరూ ఎవరి పేరూ అడగలేదు.
మూడు బేళ్ళకి ధర. నాలుగోది నోబిడ్.
తువ్వాలుతో మెడ తుడుచుకుని
"బాగానే ఎండిందే ఇది" అన్నాడు మాలకొండయ్య,
నాతో కాదు, బేలుతో.

పరీక్షకి వచ్చింది ఎస్తేరురాణి,
చివరి బెంచీ, అరువు పెన్ను.
రాత్రి పేపర్లు దిద్దుతున్నాను.
ఏడో ప్రశ్న, ఒక మార్కు:
కొత్త ప్రపంచాన్ని కనిపెట్టినది ఎవరు?
అందరూ ఒకటే పేరు, కొందరు తప్పు స్పెల్లింగుతో.
ఆమె కాగితంలో అక్కడ ఏమీ లేదు.
ఖాళీలో ఒక బొటనవేలి ముద్ర,
జిగురుది, గోధుమరంగు,
గీతలన్నీ తేటగా.

ఎర్ర పెన్ను చాలాసేపు పట్టుకుని కూచున్నాను.
తర్వాతి కాగితం తిప్పుదామని
అలవాటుగా వేలు నాలిక్కి తాకించాను.

చేదు.